సముద్రానికి వీపు తిప్పి

భీమునిపట్నానికి సెలవులకు వెళ్ళినవారు సాధారణంగా చేసే పని ఒక్కటే. పొద్దున్నే లేచి సముద్రం చూస్తారు. మధ్యాహ్నం కడుపునిండా తిని నిద్రపోతారు. సాయంత్రం లేచి మళ్ళీ సముద్రం చూస్తారు. రెండోనాటికి పిల్లలకు విసుగు పుడుతుంది. మూడోనాడు కారెక్కి విశాఖపట్నం పోయి, ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామిలో ఈ చివర దూరి ఆ చివర బయటపడి, "భీమిలిలో చూడ్డానికేముందండీ!" అనుకుంటూ ఇల్లు చేరతారు.

ఆ మాట భీమిలికి అన్యాయం. సముద్రాన్ని నేను కాదనడం లేదు. అది ఎక్కడికీ పోదు. సాయంత్రం తిరిగివచ్చేసరికి మన కోసం అక్కడే ఉంటుంది. కాని భీమిలి అసలు సంపద దాని వీపు వెనకాల ఉన్నది. ఒక చిన్న నది, దాని ఒడ్డున ఒక యుద్ధభూమి, ఆ పక్కనే ఒక రాజధాని, ఎగువన కొండలు, కొండలలో గుహలు. పొద్దున బయలుదేరితే రాత్రి భోజనాల వేళకు మకాం చేరుకోగలిగినంత దూరంలోనే ఇవన్నీ ఉన్నాయి.

ఆ నది పేరు గోస్తని. అనంతగిరి కొండలలో బొర్రా గుహల దగ్గర పుట్టి, సుమారు 120 కిలోమీటర్లు ప్రవహించి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన నాబోటివాడికి మొదట దాన్ని నది అనడానికి నోరు రాలేదు. నాలుగు రోజులు దాని వెంటా, దాని చుట్టుపక్కలా తిరిగిన తరువాత, నది గొప్పతనం వెడల్పులో లేదని ఒప్పుకున్నాను.

మొన్న సంక్రాంతి సెలవులలో మేము అయిదుగురం భీమిలిలో మకాం వేశాం. నేనూ, మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ, డెబ్భై తొమ్మిదేళ్ళ మా మేనత్తా. మా అత్తయ్య సముద్రం కోసం రాలేదు. ఆమె తండ్రి, అంటే మా తాతగారు, చిన్నతనంలో గోదావరి జిల్లా నుంచి విజయనగరం వెళ్ళి వారాలు చేసుకుని సంస్కృతం చదువుకున్నారు. ఆ ఊరు ఒక్కసారైనా చూడాలని ఆమె కోరిక. "నాన్న నోట వినడమే గాని కంటితో చూసిందెప్పుడురా?" అంటూ చేతిసంచి సర్దుకుని అందరికంటే ముందు కారెక్కింది.

కాస్త పెద్ద కారు ఒకటి డ్రైవరుతో సహా మాట్లాడుకున్నాం. డ్రైవరు ఆ ప్రాంతపు కుర్రవాడే. మా కార్యక్రమం విని ఆశ్చర్యపోయాడు. "ఏటండి బాబూ! సముద్రం సూడ్డానికొచ్చి కొండలు తిరుగుతానంటారు?" అన్నాడు. అన్నాడే గాని, దారి పొడుగునా మాకంటే అతనే ఎక్కువ ఉత్సాహపడ్డాడు.

మొదటి రోజు దూరం పెట్టుకోలేదు. ప్రయాణపు బడలిక తీరాలి కదా. ఊరికి నాలుగైదు కిలోమీటర్లలోనే ఎర్రమట్టి దిబ్బలున్నాయి. సినిమాలలో మీరు చాలాసార్లు చూసే ఉంటారు, ఎక్కడివో తెలియకపోయినా. వేల ఏళ్ళుగా గాలీ, వానా, సముద్రమూ కలిసి పేర్చిన ఇసుక అది. ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. వాన నీరు కోసిన చోటల్లా నిలువు గోడలు, సందులు, మలుపులు. పిల్లలకు దొంగాపోలీసు ఆడుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. అయితే ఆ గోడలెక్కి దూకనివ్వకండి. గట్టిగా కనిపించే ఆ మన్ను చేత్తో గీస్తే రాలిపోతుంది.

అక్కణ్ణుంచి సముద్రపు ఒడ్డు రోడ్డు వెంట విశాఖ వైపు కొంత దూరం పోతే తొట్లకొండ వస్తుంది. ఈ కొండ మీద బౌద్ధ విహారమున్న సంగతి చాలాకాలం లోకానికి తెలియదు. 1976లో నౌకాదళం వారు తమ అవసరం కోసం సర్వే చేయిస్తుంటే బయటపడింది. సుమారు రెండువేల ఏళ్ళ కిందట ఇక్కడ భిక్షువులు కాపురమున్నారు. తవ్వకాలలో శాతవాహనుల నాణేలతోపాటు రోము దేశపు నాణేలు కూడా దొరికాయి. స్తూపాలు, చైత్యాలు, వరుసగా గదుల పునాదులు, అన్నీ ఉన్నాయి. పెద్ద స్తూపం 2019 అక్టోబరు వానలకు ఒక వైపు కూలిపోతే తరువాత మళ్ళీ కట్టారు.

నన్ను ఆకట్టుకున్నవి మాత్రం స్తూపాలు కావు, తొట్లు. రాతిలో తొలిచి వాన నీరు పట్టుకున్న తొట్లవి. కొండకు పేరే వాటి వల్ల వచ్చింది. పక్కనున్న మరో బౌద్ధ క్షేత్రం పేరు బావికొండ. భీమిలి నెత్తిన ఉన్న పావురాలకొండ మీద కూడా ఇలాంటి తొట్లే ఉన్నాయి. భిక్షువులు కొండకొనన కూర్చుని రోజూ సముద్రాన్నే చూశారు. తాగడానికి మాత్రం ఆకాశం వైపు చూశారు. పేర్లు పెట్టిన ఊరివాళ్ళు విహారాన్ని మరిచిపోయి నీటిని గుర్తుంచుకున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక ఊరి పేర్ల దగ్గర నేను ఆగిపోతూ ఉంటాను. మా అబ్బాయి మాత్రం "నాన్నా, ఇందులో ఎన్ని బకెట్లు పడతాయి?" అని అడిగాడు. నిజానికి అదే మంచి ప్రశ్న.

రెండో రోజు శనివారం. విజయనగరం ప్రయాణం. భీమిలి నుంచి విజయనగరం పాతిక కిలోమీటర్ల పైచిలుకు. తిన్నగా పోతే గంటలోపే చేరవచ్చు. మేము తగరపువలస దగ్గర గోస్తని వంతెన చూసుకుని, పద్మనాభం మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాం. మీరూ అలాగే వెళ్ళండి.

పద్మనాభం చిన్న ఊరు. కొండ కింద కుంతీమాధవస్వామి గుడి, కొండ మీద అనంతపద్మనాభస్వామి గుడి. పైకి పన్నెండు వందలు దాటిన మెట్లు. మా ఆవిడా పిల్లలూ ఎక్కారు. నేను అత్తయ్యకు తోడుగా కింద ఉండిపోయాను. మోకాళ్ళు నాకూ ఉన్నాయి కదా! అక్కడ కూర్చుని ఆమెకు 1794 నాటి కథ చెప్పాను.

విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు కుంపిణీవారికి కట్టవలసిన పేష్కషు బాకీపడ్డాడు. బాకీ ఎంత అన్నదాని మీదనే తగవు. కుంపిణీవారు జమీ స్వాధీనం చేసుకుని, భరణం ఇస్తాం, మచిలీపట్నం పోయి ఉండమన్నారు. ఆయన మచిలీపట్నం దారి పట్టలేదు. తన మనుషులను వెంటబెట్టుకుని పద్మనాభం వచ్చి దిగాడు. 1794 జూలై 10వ తేదీన కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన వచ్చి పడింది. పోరు ఎంతోసేపు సాగలేదు. రాజూ, ఆయనను నమ్మి వచ్చిన దొరలెందరో ఆ నేల మీదనే పడిపోయారు. మనం బొబ్బిలి యుద్ధం గురించి కథలుగా పాడుకున్నాం, సినిమాలు తీసుకున్నాం. 1757లో బొబ్బిలిని కూల్చింది ఈ వంశమే. అందుకేనేమో, ముప్పై ఏడేళ్ళకు ఆ వంశపు రాజు తెల్లవాడి తుపాకులకు ఎదురొడ్డి చనిపోతే పాడుకునేవాళ్ళు తగినంతమంది లేకపోయారు. నా మటుకు నాకు పద్మనాభం కూడా బొబ్బిలి అంత పెద్ద కథే.

అత్తయ్య అంతా విని, "మచిలీపట్నం పోయుంటే బతికేవాడు గదరా" అంది. కాసేపు ఆగి, "పోతే ఏం బాగుంటుందిలే" అని తనే అంది.

విజయనగరం చేరేసరికి పదకొండయింది. 1713లో, విజయ నామ సంవత్సరంలో కోటకు శంకుస్థాపన చేశారట. రాజు పేరు విజయరామరాజు, సంవత్సరం విజయ, రోజు విజయదశమి. ఇన్ని విజయాలు కలిసిన ఊరికి మరో పేరు ఎలా పెడతారు? కోట ముందరి మైదానం పేరు చెప్పగానే మీలో చాలామంది చిరునవ్వు నవ్వుతారు: బొంకులదిబ్బ. కన్యాశుల్కం తెర లేచేది ఇక్కడే. గిరీశం ఈ దిబ్బ మీదనే నిలబడి ఊరు విడిచే ఆలోచన చేశాడు. ఇప్పుడక్కడ గిరీశాలు ఉన్నారో లేరో గాని స్కూటర్లు మాత్రం విపరీతంగా ఉన్నాయి. గురజాడవారి ఇల్లు స్మారకంగా నిలిపి ఉంచారు. 1892లో ఈ ఊళ్ళోనే మొదటిసారి ఆడిన ఆ నాటకం నూరేళ్ళు దాటినా మన ఇళ్ళలో సామెతలుగా బతికే ఉంది. ఆ మాట చెప్పబోతే మా అమ్మాయి, "నాన్నా, క్లాసు కాదు ఇది" అని గుర్తు చేసింది.

సంగీత కళాశాల కూడా చూసి తీరాలి. 1919లో పెట్టిన ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. తరువాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. అక్కడ చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రవాడు ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నాడు. ఆయన పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు.

వారాలూ అటువంటివే. ఈనాటి పిల్లలకు చెప్పవలసిన సంగతి కనక చెబుతాను. పరాయి ఊరు వచ్చి చదువుకునే పేద విద్యార్థికి వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోజనం. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట. ఏడు ఇళ్ళు కుదిరితే వాడు అదృష్టవంతుడు. మా తాతగారికి ఆరే కుదిరాయి. ఆ ఆరు ఇళ్ళూ అత్తయ్యకు ఇప్పటికీ కంఠతా వచ్చు. సోమవారం ప్లీడరుగారిల్లు. మంగళవారం దివాణంలో గుమాస్తాగారు. బుధవారం ఇల్లాలు మంచిదే గాని మజ్జిగలో నీళ్ళెక్కువ. ఇలా శుక్రవారం దాకా సాగి, ఆదివారం మళ్ళీ మొదలవుతుంది. శనివారం ఇల్లు లేదు. శనివారం పస్తు.

మా తాతగారు జీవితమంతా శనివారం ఉపవాసమున్నారు. వేంకటేశ్వరస్వామి మీద భక్తి అనే మేమందరం అనుకున్నాం. ఆయన తరువాత అత్తయ్య కూడా అదే పాటిస్తూ వచ్చింది. ఆ శనివారం వెనకాల దేవుడి కంటే ముందు ఖాళీ విస్తరి ఉన్నదన్న సంగతి నాకు మొట్టమొదటిసారి ఆ రోజు, మహారాజా సంస్కృత కళాశాల ముందు, కారులో కూర్చుని ఆమె చెబితే తెలిసింది.

తాతగారు ఉన్న వీధి కోసం వెతికాం. ఆమెకు తెలిసిన గుర్తులు ఒక బావి, ఒక వేపచెట్టు, ఒక అరుగుల ఇల్లు. వందేళ్ళ నాటి గుర్తులవి. పూలమ్మే ఆమెను అడిగితే తన అత్తగారిని పిలిచింది. ఆ ముసలామె ఎంతో శ్రద్ధగా విని, "బావులన్నీ కప్పీసినారమ్మా" అంది. అత్తయ్య ఏమీ అనలేదు. సందు మొదట్లో నిలబడి రెండు చేతులూ జోడించింది. ఏ ఇంటికో తెలియదు గనక అన్ని ఇళ్ళకూ కలిపి ఒకే నమస్కారం.

తరువాత ఒక మామూలు భోజనం హోటలుకు వెళ్ళాం. "నాకేమీ వద్దు, ఇవాళ శనివారం" అంటుందనుకుని మా ఆవిడ పళ్ళు తెచ్చి ఉంచింది. అత్తయ్య చేతులు కడుక్కుని వచ్చి విస్తరి ముందు కూర్చుంది. పప్పు, కూర, పులుసు, అన్నీ వడ్డించుకుంది. పెరుగు మారు అడిగింది. "ఈ ఊళ్ళో శనివారం అన్నం ఎలా ఉంటుందో నాన్నకు తెలియదురా" అంది. మేము ఎవరమూ తల ఎత్తలేదు.

ఆదివారం కారుకు సెలవిచ్చాం. దానికి కారణముంది. శ్రీకాకుళం వైపు పోదామంటే ఆదివారం అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి దర్శనానికి జనం విరగబడతారు. చిన్నపిల్లలతో, పెద్దవారితో ఆ రోజు పోకూడదు. కనక భీమిలి వీధులలోనే నడిచాం.

ఇది ఒకప్పుడు ఒలందుల రేవు. ఒలందులంటే డచ్చివారు. మచిలీపట్నంలో వలందపాలెం ఉన్నది చూడండి, ఆ మాటే ఇది. వారి సమాధులు ఇప్పటికీ ఊళ్ళో ఉన్నాయి. కొన్ని గోపురాల్లాగా నిలబడి, కొన్ని పలకలుగా పడుకుని, రాళ్ళ మీద అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. 1825లో రేవు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. ఊరికి 1861లోనే మునిసిపాలిటీ ఏర్పడింది. ఇప్పుడు భీమిలి విశాఖ మహానగరంలో కలిసిపోయింది. వయసులో పెద్దది చిన్నదాని ఇంటికి కాపురానికి వెళ్ళినట్టుంది వ్యవహారం.

ఈ రేవు నుంచి ఎగుమతి అయిన సరుకులలో ఒకటి గోగునార. లోకమంతటా వర్తకులు దాన్ని 'బిమ్లీ జూట్' అనే పేరుతో పిలిచారు. మన గోంగూర కుటుంబపు మొక్కే అది. ఆకు తెలుగువాడి విస్తట్లోకీ, నార సీమ ఓడలలోకీ పోయింది. చిట్టివలసలో గోస్తని ఒడ్డున ఒక పెద్ద జనపనార మిల్లు ఉండేది, 2009లో మూతపడింది. ఓడలు రావు, మిల్లు కూత వేయదు. పడవల వాళ్ళు, వలలు, ఎండబెట్టిన చేపలు మిగిలాయి. సాయంత్రం గోస్తని ముఖం దగ్గరకు నడిచాం. ఇసుక అడ్డుపడి నీరు నిలిచిపోయినట్టే ఉంది. ఇది కదులుతున్నదా అని పిల్లలు చెప్పు తీసి నీళ్ళలో వదిలారు. కదులుతున్నది గాని, తొందర లేదు. ఆ చెప్పు తేవడానికి నేను మోకాలి లోతు దిగవలసి వచ్చింది.

సోమవారం శ్రీకాకుళం దారి. ఇది కాస్త దూరం. తెల్లవారకముందే బయలుదేరి తీరాలి. జాతీయ రహదారి గనక కారు సాఫీగా పోతుంది. అరసవల్లిలో ఏటా మార్చిలోనూ, అక్టోబరులోనూ కొన్ని రోజులు ఉదయపు ఎండ తిన్నగా లోపలికి పోయి స్వామి పాదాలు తాకుతుంది. మేము వెళ్ళినది జనవరి. ఎండ మా పాదాలను తాకి ఊరుకుంది. శ్రీకూర్మంలో స్వామి కూర్మరూపం. పడమటి ముఖంగా ఉంటాడు. ముందూ వెనకా రెండు ధ్వజస్తంభాలు. మండపాల స్తంభాల నిండా శాసనాలు. ఇవన్నీ తీరికగా చదివితే కళింగాంధ్ర చరిత్ర సగం చేతికి వస్తుంది. పిల్లలు మాత్రం ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్ళను వదిలి రాలేదు.

ఈ రోజు ప్రయాణమంతా నేను పెట్టుకున్నది శాలిహుండం కోసం. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు. ఈ చోటును 1919లో మొదట గుర్తించి చెప్పినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. మనం మాట్లాడుకునే భాషలోనే రాసుకోవాలని పోరాడిన మహానుభావుడు, సవర భాష నేర్చుకుని సవరలకు పుస్తకాలు రాసిన మహానుభావుడు, ఈ కొండను కూడా మనకు ఇచ్చారు. ఈ వ్యాసం మీకు అర్థమయ్యే భాషలో ఉన్నదంటే అందులో ఆయన చలవ కూడా ఉంది. పైకి వెళ్ళి చూస్తే ఒక పక్క వంశధార, దూరాన కళింగపట్నం వైపు సముద్రపు గీత. ఆనాటి భిక్షువులు నివాసం ఎంచుకోవడంలో ఎంత రసికులో! మేము తప్ప మరో ప్రాణి లేదు. అటువంటి చోటికి తినడానికీ తాగడానికీ మనమే తీసుకుపోవాలి.

ఇక మంగళవారం బొర్రా. నాలుగు ప్రయాణాలలోనూ ఇది కఠినమైనది, ఇదే ఉత్తమమైనది. కారుకు బ్రేకులు సరిగా ఉన్నాయో లేదో ముందు రోజే చూపించండి. కడుపులో తిప్పే పిల్లలుంటే పొద్దున తేలికగా ఇడ్లీ పెట్టండి, నూనె పదార్థాలు వద్దు. విజయనగరం దాటి శృంగవరపుకోట చేరే లోపు, దారి తప్పినా సరే, తాటిపూడి చూడండి. గోస్తనికి అడ్డంగా కట్టిన జలాశయం అది. 1960 దశకంలో కట్టారు. చుట్టూ కొండలు, మధ్య అద్దంలా నీళ్ళు. ఈ నీళ్ళే కొంత పొలాలకూ, కొంత విశాఖపట్నం కుళాయిలకూ పోతాయి. భీమిలి దగ్గర గోస్తని అంత సన్నగా ఎందుకున్నదో మాకు ఇక్కడ కొంత తెలిసింది. విశాఖలో వెనకటి సెలవులకు హోటలు గదిలో తొట్టి నింపుకుని స్నానం చేసిన సంగతి మా ఆవిడ జ్ఞాపకం చేసింది.

శృంగవరపుకోట దాటాక ఘాటు రోడ్డు. ఒక్కొక్క మలుపూ తిరిగేకొద్దీ గాలి చల్లబడుతుంది. అనంతగిరి దగ్గర పెద్ద చెట్ల నీడన కాఫీ తోటలు. జనవరి గనక ఎర్రని కాఫీ పళ్ళు కోస్తున్నారు. రోడ్డు పక్కన వెదురు బొంగులలో మాంసం కూరి నిప్పుల మీద కాల్చి అమ్ముతున్నారు. దానికి నూనె చుక్క అక్కరలేదు. మా డ్రైవరు ఆపకుండా ఉండలేకపోయాడు.

బొర్రా అంటే ఆ పక్క ఒరియా మాటలలో కన్నం అని అర్థం. స్థలకథ ఏమంటే, మేస్తున్న ఆవు ఒకటి కొండ మీది కన్నంలోంచి లోపల పడిపోయిందట. వెతుకుతూ వచ్చిన పశువుల కాపరి గుహలో శివలింగాన్ని చూశాడట. ఆ ఆవు పొదుగు నుంచి పుట్టిన నది గనక గోస్తని. సంస్కృతంలో స్తనమంటే చన్ను, అర్థం సరిపోయింది. శివరాత్రికి చుట్టుపక్కల గిరిజనులు వచ్చి ఆ లింగానికి పూజలు చేస్తారు.

మెట్లు దిగి లోపలికి పోతే, ఒక కొండను లోపల నుంచి తినేసినట్టుంటుంది. ఎనభై మీటర్ల లోతు వరకు బోలు. పని చేసినది నీరే. వాన నీరు అడవిలో కుళ్ళిన ఆకుల గుండా ఇంకి పులుపెక్కుతుంది. ఆ పులుపుకు సున్నపురాయి కరుగుతుంది. కరిగిన సున్నం కప్పు నుంచి బొట్టుబొట్టుగా కారుతూ, పైన ఊడలాగా, కింద పుట్టలాగా పేరుకుంటుంది. పైది, కిందిది కలిస్తే స్తంభం. ఒక వేలెడు పెరగడానికి ఎన్ని తరాలు పడుతుందో! గైడు దీపం చూపిస్తూ ఇదిగో శివపార్వతులు, ఇదిగో తల్లీబిడ్డ, ఇదిగో మొసలి అంటాడు. మా అబ్బాయికి అన్నీ ఐస్‌క్రీములాగానే కనిపించాయి. నాకు రంగుదీపాలు కొంచెం ఎక్కువయ్యాయనిపించింది. చీకటి గుహకు చీకటే అలంకారం. రంగులు లేని ఒక మూల నిలబడి బొట్టు పడే చప్పుడు విన్నాం. అదే నాకు బాగుంది.

ఈ గుహల నెత్తి మీదుగానే రైలు పోతుంది. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు దించడానికి 1960 దశకంలో జపాను సాయంతో వేసిన మార్గమది. యాభైకి పైగా సొరంగాలు. కొండల కడుపులో ఉన్న దాని మీద మనిషి కన్ను ఒకసారి పడితే మరలదు. బొర్రా చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ళలో కూడా గనుల కౌళ్ళు ఇచ్చారు. 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకు ఎక్కింది. 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాలలో భూమిని ప్రభుత్వం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. దేశమంతటా చెప్పుకునే సమత తీర్పు పుట్టింది ఈ కొండల మీదనే. గుహ చూసి పోయేవారిలో ఎంతమందికి తెలుసో గాని, నాకు మాత్రం లోపలి స్తంభాలకంటే ఈ సంగతి మీదే మనసు నిలిచింది.

అత్తయ్య మెట్లు దిగలేక పైనే చెట్టు కింద కూర్చుంది. మేము తిరిగివచ్చేసరికి, జామపళ్ళమ్మే గిరిజన స్త్రీతో ఆమెకు స్నేహం కుదిరిపోయింది. కోతుల నుంచి పళ్ళను కాపాడే బాధ్యత కూడా తీసుకుని, చేతికర్ర పట్టుకుని కాపలా కాస్తున్నది.

"లోపల ఏం చూశార్రా?" అంది.

గోస్తని పుట్టిన చోటు చూశామన్నాను.

"ఈవిడ ఎండాకాలం తాగే నీళ్ళకు కొండ దిగి ఎంత దూరం పోతుందో తెలుసా?" అంది. "రెండు బిందెలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అడిగి తెలుసుకున్నాను."

మా ఆవిడ ఆ స్త్రీ దగ్గర బుట్టలో మిగిలిన జామపళ్ళన్నీ తీసుకుంది. లెక్క చూస్తే మా అయిదుగురికీ వారం సరిపోతాయి. చీకటి పడకముందే ఘాటు దిగాలని డ్రైవరు తొందరపెట్టాడు. ఆ దారిలో మంచు దిగితే ముందు బండి కనపడదు; మీరు వెళ్ళినా నాలుగు గంటలకల్లా బొర్రా విడవండి. తాటిపూడి దగ్గరకు వచ్చేసరికి పొద్దు గుంకుతున్నది. పిల్లలు వెనక సీటులో పళ్ళు కొరుకుతూ, గోస్తనికి ఎన్ని బకెట్ల నీళ్ళుంటాయో లెక్క కడుతున్నారు.